ముప్ఫయ్యేళ్ళ పట్టీ

"ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగారు డాక్టర్ యశోధర.

కుర్చీలో కూర్చున్నది ఒక అమ్మాయి. కాసేపటి క్రితం వరకూ చున్నీ కొస నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చిన పిల్ల. ఇప్పుడు తలకి ఒక నల్లటి పట్టీ పెట్టుకుని, నెమ్మదిగా వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుంది. కిటికీలోంచి లక్ష్మీపురం మెయిన్ రోడ్డు వైపు చూస్తూ, రిటైరైన తాసీల్దారులాగా ఒక నిట్టూర్పు విడిచింది.

"ఏం రోజులండీ అవి!" అంది. "రిజల్ట్స్ అని, ర్యాంకులని ఎంత కంగారుపడేవాళ్ళమో. తల్చుకుంటే నవ్వొస్తుంది."

"రిజల్ట్స్ ఎప్పుడొచ్చాయి?"

"ఇవాళ పొద్దున. అప్పట్లో మా అమ్మ ఆ గాభరాలో ఇడ్లీలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. పాపం, చాలా మంచి మనిషి."

"నేనిక్కడే ఉన్నానే!" అంది పక్క కుర్చీలోంచి వాళ్ళమ్మ హిమబిందు, బెదిరిపోయి.

డాక్టర్ యశోధర మాత్రం సంతోషంగా తలూపి కంప్యూటర్లో ఏదో రాసుకున్నారు. ప్రయోగం ఫలించింది.

ఇది గుంటూరులో ముందుముందు జరగబోయే సంగతి. ఆ అమ్మాయి పేరు తన్మయి. ఆ పట్టీ ఏం చేస్తుందో ముందు తెలుసుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. కాబట్టి ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

నిన్న జరిగింది నిన్నటిదనీ, చిన్నప్పుడు జరిగింది చిన్నప్పటిదనీ మనకెలా తెలుస్తుంది? క్యాలెండర్ చూసుకుని కాదు కదా. మన మెదడులో హిపోకాంపస్ అనే చిన్న భాగం ఉంది. అది ప్రతి జ్ఞాపకం మీదా "ఇది ఇంత దూరంలో ఉంది" అని ఒక ముద్ర వేస్తుంది. ఆవకాయతో పోల్చి చూడండి. కొత్తావకాయ నోట్లో పెట్టుకుంటే కళ్ళ నీళ్ళొస్తాయి. అదే జాడీలోది ఏడాది మాగాక తింటే హాయిగా ఉంటుంది. కారం ఎక్కడికైనా పోయిందా? పోలేదు. మాగింది, అంతే. డాక్టర్ యశోధర కనిపెట్టిన పట్టీ లోపల సన్నటి తీగచుట్టలుంటాయి. వాటిలోంచి వచ్చే మాగ్నెటిక్ పల్సులు ఆ దూరపు ముద్రని జరుపుతాయి. ఇవాళ పొద్దున జరిగినది కాస్తా, ఒక రెండు గంటలపాటు, ముప్ఫయ్యేళ్ళ కిందట జరిగినట్టు అనిపిస్తుంది. దీనికి డాక్టర్ గారు పెట్టిన పేరు టెంపొరల్ డిస్టెన్స్ మాడ్యులేటర్. లాబ్ ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచీ అందరూ పిలిచే పేరు ముప్ఫయ్యేళ్ళ పట్టీ.

పట్టీ మీద ఎర్రటి బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం వెనక్కి చూసేలా పెట్టుకోవాలి. అప్పుడు ఇవాళ్టి బాధ వెనక్కి వెళుతుంది. మరి బాణం ముందుకు పెడితే? లెక్క ప్రకారం ముప్ఫయ్యేళ్ళ కిందటిది ముందుకు రావాలి. ఆ సంగతి డాక్టర్ గారికి కాగితం మీద తెలుసు కానీ ఎప్పుడూ పరీక్షించలేదు. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఇంటర్ పిల్లలాయె. వాళ్ళకి ముప్ఫయ్యేళ్ళ కిందటిదంటూ ఏముంటుంది?

"రేపు కౌన్సెలింగ్‌కి కూడా పెట్టుకెళ్ళు. కంగారు లేకుండా నీకేం కావాలో ఆలోచించుకోవచ్చు," అని పట్టీని తన్మయి చేతిలో పెట్టారు డాక్టర్ గారు. తర్వాత హిమబిందు వైపు తిరిగారు. "బాణం వెనక్కి ఉండాలండీ. మర్చిపోకండి."

హిమబిందు తలూపింది. డాక్టర్లు ఏం చెప్పినా మనందరం ఊపే ఊపు అది.

రెండు గంటలూ సరిగ్గా వాళ్ళు ఇంటి గేటు ముందు ఆటో దిగేసరికి అయిపోయాయి.

అప్పటికి గుంటూరులో గేటు బోర్డులు వచ్చేశాయి. ప్రతి ఇంటి గేటుకీ పిల్లల పేరు, పక్కనే ర్యాంకు వెలుగుతూ ఉండేవి. రిజల్ట్స్ రాగానే అంకె దానంతటదే మారిపోయేది. మారుతీనగర్‌లో ఇంకో అడుగు ముందుకేసి కాలింగ్ బెల్లుకి కూడా తగిలించుకున్నారు. ఎవరైనా బెల్లు నొక్కితే, "నమస్కారం! ఈ ఇంటి ర్యాంకు..." అని చక్కటి ఆడగొంతు వినిపించేది. మొదట్లో అందరూ ముచ్చటపడ్డారు. పొద్దున రిజల్ట్స్ వచ్చినప్పటినుంచీ హిమబిందు ఆ బోర్డు మీద తడి తువ్వాలు ఆరేసింది. బెల్లులో దూది కుక్కింది. దాంతో తన్మయి ర్యాంకు పద్దెనిమిది వేల చిల్లర కాస్తా ముక్కుదిబ్బడ గొంతుతో ఎనభై వేల చిల్లరలాగా వినిపించసాగింది. పాలవాడు ఓదార్చి వెళ్ళాడు.

గేటు తీస్తుంటే ఎదురింటావిడ వరండాలోంచి పలకరించింది. "ఏమ్మా పద్దెనిమిది వేలూ, ఎక్కణ్ణుంచి?"

ఆ వీధిలో అదేం తప్పుమాట కాదు. ఆ వారమంతా పిల్లలని అలాగే పిలుస్తారు. కానీ తన్మయి తల వంచుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. వెనకే వెళ్ళిన హిమబిందుతో ఒక్కటే మాటంది. "అమ్మా, రేపు ఆప్షన్లు నాన్ననే పెట్టమను."

"నువ్వు ఫిషరీస్ సైన్స్ అనుకున్నావుగా? మీ మావయ్య చెరువుల దగ్గర రొయ్యలకి జబ్బెందుకొస్తుందో చూస్తానని రెండేళ్ళ నుంచీ నా ప్రాణం తీశావ్!"

"ఆ ర్యాంకుకి ఇష్టాలు కూడానా?"

నిన్నటిదాకా ఎవరు కాదన్నా వాదించే పిల్ల. ఒక్క అంకె వచ్చేసరికి తనకి అభిప్రాయం ఉండే అర్హత లేదనుకుంది. దిగులుపడాల్సింది ర్యాంకుకి కాదు, దీనికి.

తన్మయి వాళ్ళ నాన్న ఫణీంద్రకి ఈ దిగులు తెలియదు. ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ ఎప్పుడూ కళ్ళు కారుతూనే ఉంటాయి, ఆయనకి తప్ప. అమ్మాయిని ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేసి మెడికల్ సీటు తెప్పించాలని అప్పటికే నిర్ణయించేసుకున్నారు. దానికి ఆయన చెప్పే కారణం ఒకటే. "నాకు ఒక్క మార్కులో పోయింది. నా కూతురికి పోనివ్వను."

మర్నాడు వాళ్ళు బయల్దేరే ముందు హిమబిందు పట్టీని దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి, బాణం మీద కుంకుమబొట్టు పెట్టింది. కొత్త ఫ్రిజ్జుకైనా, స్కూటరుకైనా బొట్టు పెట్టకుండా వాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. తర్వాత కూతురి తలకి పెట్టబోయింది.

"ఆగాగు!" అన్నారు ఫణీంద్ర. "ఆ బాణం వెనక్కి చూస్తోందేంటి?"

"అలాగే పెట్టాలి నాన్నా. డాక్టర్ గారు చెప్పారు," అంది తన్మయి.

"శుభమా అని కౌన్సెలింగ్‌కి వెళ్తూ నెత్తి మీద వెనక్కి బాణమా? వెనకబడే కదా మన బతుకిలా ఏడ్చింది! హిమా, తిప్పు దాన్ని."

"నాకూ అదోలా అనిపిస్తూనే ఉందండీ," అని హిమబిందు తిప్పేసింది.

"నాన్నా, డాక్టర్ గారు..."

"ఆవిడకి మెదడు సంగతి తెలుసమ్మా. ముందుకెళ్ళే సంగతి నాకు తెలుసు. పద."

ఇలాంటి తప్పు ఇంకో ఊళ్ళో ఎవరూ చేసుండరు. గుంటూరులో అయితే చెయ్యని ఇల్లుండదు.

హెల్ప్ సెంటర్ ఒక పాత కాలేజీ ఆడిటోరియంలో పెట్టారు. సాయంత్రం అయిదింటికి ఆప్షన్లు లాక్ చెయ్యాలి. చెయ్యకపోతే ఆ ఏటికి సీటు లేనట్టే. లాక్ చెయ్యడానికి పిల్ల వేలిముద్ర, తల్లిదండ్రుల్లో ముందే పేరు నమోదైన ఒకరి వేలిముద్ర రెండూ కావాలి. తన్మయికి నమోదైంది ఫణీంద్ర పేరు. ఇందులో ఒక మెలిక ఉంది. అంతకు ముందు కొన్నేళ్ళుగా పెద్దవాళ్ళు ఏడుస్తున్న పిల్లల చేతులు పట్టి బలవంతంగా వేలిముద్రలు వేయించారట. అందుకని యంత్రం వేలితోపాటు నాడి కూడా చూసేది. ఆందోళనలో ఉన్నవాళ్ళ వేలిముద్ర తీసుకునేది కాదు. పిల్లలని కాపాడటానికి పెట్టిన నిబంధన అది.

మూడున్నరైంది. టోకెన్ పిలవలేదు. తన్మయి తలకి పట్టీ ఉంది, బాణం ముందుకు చూస్తోంది.

"ఏమన్నా తేడాగా ఉందా?" అని అడిగారు ఫణీంద్ర.

"లేదు."

ఉండదు మరి. ముప్ఫయ్యేళ్ళ కిందట తన్మయే లేదు. లేనిదాన్ని ముందుకెలా లాగుతారు?

"చూశావా హిమా! ఊరికే జనాన్ని మోసం చెయ్యడం. ఇటు తేమ్మా, నేను చూస్తాను."

"నాన్నా, అది తిప్పి పెట్టుకోవాలి," అని తన్మయి అంటూనే ఉంది. ఆయన పెట్టేసుకున్నారు, బొట్టున్న బాణం నుదుటి మీదికి వచ్చేలాగా. కొంచెంసేపు ఏమీ జరగలేదు. ఆయన గర్వంగా చుట్టూ చూశారు. తర్వాత ఆయన కింది పెదవి వణికింది.

"పోయింది," అన్నారు.

"ఏం పోయింది? పర్సా?" అని హిమబిందు కుర్చీ కింద వెతికింది.

"సీటు."

"మనల్నింకా పిలవందే?"

"దానిది కాదు హిమా. నాది."

మిర్చి గోడౌన్లో ఇరవై ఏళ్ళు ఒక్క చుక్క రాల్చని కళ్ళు బొటబొటా కారడం మొదలెట్టాయి. పక్క కుర్చీలో ఉన్న ఒక పెద్దమనిషి వంగి, "ఏమైందండీ?" అన్నాడు.

"సీటు రాలేదు."

"అయ్యో, పాపకా?"

"నాకు."

ఆ పెద్దమనిషి తన కొడుకుని తీసుకుని వెనక వరసలోకి వెళ్ళిపోయాడు.

"ఊరుకోండి, అందరూ చూస్తున్నారు," అని హిమబిందు పమిటతో ఆయన ముఖం తుడిచింది. "ఒక్క మార్కేగా! ఒక్క మార్కులో పోవడమంటే వచ్చినట్టే."

"ఒక్క మార్కు కాదు హిమా!" అని బావురుమన్నారు ఫణీంద్ర. "కెమిస్ట్రీలో సగం పేపరు వదిలేశాను. ఫిజిక్స్ చెప్పుకుంటే సిగ్గుచేటు."

హిమబిందు చెయ్యి ఆగిపోయింది. "మరి పెళ్ళిచూపుల్లో మా నాన్నకి కూడా ఒక్క మార్కనే చెప్పారే!"

"మా నాన్న అలా చెప్పమన్నాడు. ఇప్పుడు ఇంటికెలా వెళ్ళను? ఆయనకేం చెప్పను?"

"మావయ్యగారు పోయి ఆరేళ్ళయిందండీ."

"అయినా తిడతాడు!"

తన్మయి పట్టీ లాగేసింది కానీ లాభం లేకపోయింది. ముందుకి జరిగిన ముద్ర రెండు గంటల దాకా వెనక్కి రాదు కదా. డాక్టర్ యశోధరకి ఫోన్ చేసింది.

"బాణం ఎటు పెట్టారు?" అన్నారు డాక్టర్ గారు.

"ముందుకి."

"నాన్నగారికి వయసెంత?"

"నలభై ఎనిమిది."

"అయ్యో! సరిగ్గా రిజల్ట్స్‌లో పడ్డారు."

"ఇప్పుడు తిప్పి పెట్టనా?"

"వద్దమ్మా! మొదటిది దిగకుండా రెండోది పెట్టకూడదు. భయమేం లేదు, అయిదున్నరకల్లా మామూలైపోతారు."

"అయిదింటికే లాక్ అండీ! ఏడుస్తుంటే వేలు తీసుకోదు."

"అయితే నువ్వే ఏదోలా ఊరడించాలమ్మా. నా దగ్గర దానికి యంత్రం లేదు," అన్నారు ఆవిడ.

టోకెన్ పిలిచారు. ముగ్గురూ వెళ్ళారు. యంత్రం ముందు కూర్చున్న అధికారి సోమయాజి గారు ఏమీ చూడకుండానే "వేలు" అన్నారు. ఫణీంద్ర బొటనవేలు పెట్టారు. యంత్రం ఎర్రగా వెలిగి, "దయచేసి స్థిమితపడండి" అంది. రెండోసారీ అదే. "పిల్లలు ఏడవడం చూశాను గానీ... పక్కకి తీసుకెళ్ళమ్మా. కుదుటపడ్డాక రండి. అయిదు దాటితే మాత్రం నేనేం చెయ్యలేను," అన్నారు ఆయన.

తన్మయి తండ్రిని వరండాలోకి తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చోబెట్టింది. ఎలా ఊరడించాలో తెలియక, రెండ్రోజులుగా అందరూ తనతో అన్న మాటలే మొదలుపెట్టింది.

"పోన్లే నాన్నా. ఇంకో ఏడాది కష్టపడితే వచ్చేస్తుంది."

ఆయన ఇంకా గట్టిగా ఏడ్చారు.

"నీ తోటివాళ్ళు కొందరికి ఇది కూడా రాలేదు."

"వాళ్ళ గొడవ నాకెందుకు!"

నిజమే, తనకీ అలాగే అనిపించింది. తన్మయి ఆ మాటలు వదిలేసి, "ఆకలేస్తోందా?" అంది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

"మూడు పెసరట్లు తిన్నారండీ," అంది హిమబిందు.

"అది ఇవాళ. ఆ రోజు తినలేదు. ఎవరూ పెట్టలేదు కూడా."

హిమబిందుకి పెళ్ళిచూపుల మాట మీద కోపం ఇంకా అలాగే ఉన్నా, లేచి వెళ్ళి గేటు దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చింది. ఆయన రెండు తిన్నారు. ఏడుపు కాస్త సన్నబడింది.

"నాన్నా, అసలు నువ్వు డాక్టరెందుకవ్వాలనుకున్నావ్?"

ఆయన ఇంకో బజ్జీ అందుకున్నారు. "అందరూ అదే రాస్తున్నారు."

"నీకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయిగా? నా మోకాలు చీరుకుంటే నువ్వే పడిపోయావ్. నీకే సెలైన్ పెట్టారు."

"అందుకే రక్తప్రసరణ చాప్టర్ మొత్తం వదిలేశాను. దాంట్లోంచే బోలెడిచ్చాడు వెధవ!"

తన్మయికి నవ్వొచ్చింది. రిజల్ట్స్ తర్వాత పట్టీ లేకుండా వచ్చిన మొదటి నవ్వు. ఫణీంద్ర కూడా ముక్కు చీదుకుంటూ సగం నవ్వారు. ఆ సగం నవ్వులోనే, గొంతు తగ్గించి, చిన్నపిల్లాడిలాగా అడిగారు. "నేను దేనికీ పనికిరాను కదూ?"

ఆ ప్రశ్న తన్మయికి బాగా తెలుసు. తలుపేసుకుని నిన్న రాత్రంతా గోడని అడిగింది అదే. తనకి జవాబు దొరకలేదు. కానీ ఇప్పుడు అడుగుతున్నది నాన్న. ఆయన విషయంలో జవాబు కోసం వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది.

"పనికిరాకపోవడమేంటి నాన్నా! నాకు సైకిల్ నేర్పిందెవరు? స్టేడియం చుట్టూ సీటు పట్టుకుని పరిగెత్తావ్. కెమిస్ట్రీలో సగం పేపరు వదిలేశానని మధ్యలో చెయ్యి వదిలేశావా? నువ్వు చెప్పే కథల్లో అన్ని జంతువులకీ గుంటూరు యాసే. నీ మార్కులెన్నో తెలిస్తే అవి వినడం మానేసేదాన్నా? నీ మార్కులు పరీక్షవి నాన్నా. నువ్వు పరీక్షకి ముందూ ఉన్నావు, తర్వాతా ఉన్నావు."

ఆ చివరి మాట బయటికొచ్చాక గానీ తన్మయి చెవిన పడలేదు.

ఫణీంద్ర చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. "ఈ మాట ఆ రోజు ఎవరన్నా అనుంటే ఎంత బాగుండేది," అన్నారు. తర్వాత కూతురి వైపు, ఒకే పరీక్ష తప్పిన స్నేహితుడు చూసినట్టు చూశారు. "నీ సంగతేంటి? నీకేం చదవాలనుంది?"

"ఫిషరీస్ సైన్స్."

"చేపలా?"

"రొయ్యలు కూడా."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడగలేదు."

ఆయనకి కోపం వచ్చింది. కూతురి మీద కాదు. "ఇదే! ఇదే నాకూ జరిగింది. ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. పద, పెట్టేద్దాం. మీ నాన్న ఒప్పుకోడేమోనని భయపడకు, నేను మాట్లాడతాను."

"నాన్నా, మా నాన్నవి నువ్వే."

"అయితే ఇంకేం!"

అయిదుకి ఇంకా రెండు మూడు నిమిషాలుందనగా తన్మయి తన ఆప్షన్లు తనే నొక్కింది. మొదటిది ఫిషరీస్, రెండోదీ ఫిషరీస్, వేరే ఊళ్ళో. వేలు పెట్టింది. ఆకుపచ్చ దీపం. ఫణీంద్ర బజ్జీ నూనె ప్యాంటుకి రుద్దుకుని వేలు పెట్టారు. యంత్రం ఆలోచించింది. ఆకుపచ్చ దీపం.

ఇంటికెళ్ళే దారిలోనే రెండు గంటలూ అయిపోయాయి. పాత సంగతి తిరిగి పాత దూరానికి వెళ్ళిపోయింది. ఫణీంద్ర మళ్ళీ మేనేజరై, వీపు నిటారు చేసుకుని ఆటోలో కూర్చున్నారు. ఇప్పుడేమంటారోనని హిమబిందు బిక్కుబిక్కుమంటూ ఉంది. ఇంటికొచ్చి ఆయన కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టి కూతుర్ని పిలిచారు.

"రొయ్యల కాలేజీలో హాస్టల్ ఉందా?"

"ఉంది నాన్నా."

"సరే." ఆయన గ్లాసు కాస్త పక్కకి జరిపారు. "ఆ రక్తప్రసరణ చాప్టర్... ఎంతుంటుంది?"

"ఎందుకు?"

"ఏం లేదు. అసలందులో ఏముందో చూద్దామని."

అక్కడితో ఆగుంటే డాక్టర్ యశోధర పరిశోధన చక్కగా నడిచేది. కానీ వరండా మెట్ల మీద జరిగింది చాలామంది తండ్రులు చూశారు. బజ్జీలు తిని, ఏడ్చి, తేలికపడి వెళ్ళిన మనిషిని చూసి వాళ్ళకి అసూయ పుట్టింది. వారం తిరక్కుండా లాబ్ ముందు క్యూ కట్టారు. పిల్లలతో కాదు, ఒంటరిగా. డాక్టర్ గారు బాణం పక్కన పెద్ద అక్షరాలతో "వెనక్కి" అని రాయించారు. ఎవరూ లెక్కచెయ్యలేదు. పట్టీ ఒకవైపే పట్టేటట్టు తయారుచేశారు. దాన్ని తలకిందులుగా పెట్టుకున్నారు. ఊరంతా నలభై ఎనిమిది, నలభై తొమ్మిదేళ్ళ వాళ్ళు మెట్లమీద కూర్చుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, లేచి నేరుగా వెళ్ళి ఎంట్రన్సుకి దరఖాస్తు పెట్టడం మొదలెట్టారు. వయసు పరిమితి అడ్డమొస్తే ధర్నా చేసి తీయించుకున్నారు. కోచింగ్ సెంటర్లు ఊరుకుంటాయా? సీనియర్ లాంగ్ టర్మ్ అని బ్యాచ్ తెరిచాయి. ర్యాంకు భయం పోగొట్టడానికి కనిపెట్టిన పట్టీ వల్ల ఆ ఏడు పరీక్ష రాసేవాళ్ళు రెట్టింపయ్యారు.

మనసు పాడైపోయిన డాక్టర్ యశోధర ఒక ఆదివారం ఫణీంద్రని వెతుక్కుంటూ కోచింగ్ సెంటర్‌కి వెళ్ళారు. ఆయన మొదటి బెంచీలో, మెడనొప్పి పట్టీ వేసుకుని బొమ్మలు గీసుకుంటున్నారు. గుండె బొమ్మ. పక్కనే ముందు జాగ్రత్తగా ఒక మంచినీళ్ళ సీసా, నిమ్మకాయ.

"నన్ను క్షమించాలండీ," అన్నారు డాక్టర్ గారు. "ఈసారి బాణం వెనక్కి పెట్టి మీ బాధ దూరం చేసేస్తాను. రెండు గంటలైనా హాయిగా ఉంటారు."

"వద్దు మేడమ్," అన్నారు ఫణీంద్ర. "ఇప్పుడు బాధేం లేదు. అప్పుడు భయంతో చదివాను, ఒక్క ముక్క ఎక్కలేదు. ఇప్పుడు సీటొచ్చినా రాకపోయినా సోమవారం మళ్ళీ మిర్చి గోడౌనే. అందుకని ఎంత బాగుందో! ఎడమ జఠరిక చూడండి, ఏం పనితనం!" ఇంతలో బెల్లు మోగింది. ఆయన పుస్తకం ఎత్తుకుని కంగారుగా లేచారు. "వీక్లీ టెస్ట్ మేడమ్, మళ్ళీ కలుద్దాం."

డాక్టర్ గారు బయటికొచ్చారు. ఆదివారం కలుసుకునే సమయం కావడంతో గేటు దగ్గర వేపచెట్టు కింద పిల్లలంతా క్యారియర్లు పట్టుకుని నాన్నల కోసం కాచుకుని ఉన్నారు. తన్మయి కూడా హాస్టల్ నుంచి వచ్చింది. చేతిలో దానిమ్మ గింజలు వేసిన పెరుగన్నం ఉంది. రొయ్యల చెరువుల్లో తిరిగి తిరిగి బాగా నల్లబడింది. డాక్టర్ గారిని చూసి నవ్వింది.

పక్కనున్న ఇంకో అమ్మాయి తన్మయి భుజం తట్టింది. వాళ్ళ నాన్న కూడా అదే బ్యాచ్ కాబోలు.

"పోయిన వారం టెస్టులో మీ నాన్నకెంతొచ్చాయి?"

"మా నాన్న పేరు ఫణీంద్ర," అంది తన్మయి. "గుండె బొమ్మలు చాలా బాగా వేస్తారు. రక్తం చూస్తే పడిపోతారు, అయినా వేస్తారు. మీ నాన్న ఎలాంటివారు?"

ఆ అమ్మాయి శ్రద్ధగానే విన్నది. విని, గొంతు తగ్గించి అడిగింది.

"అది సరే అక్కా, మార్కులెన్ని?"